మాట తిరిగొచ్చేదాకా

అద్దం అవతల ఆమె పెదవులు కదులుతూనే ఉన్నాయి, ఇవతల బెంచీ మీద కూచున్న అతనికి ఒక్క ముక్క వినబడటం లేదు. పెళ్ళాం మాట్లాడుతుంటే మొగుడికి వినబడకుండా మధ్యలో అద్దం బిగించాలని ఎవడి బుర్రకి తట్టిందో గానీ వాడికి దండం పెట్టాలి, అనుకున్నాడు, ఊళ్ళో సగం మంది మగాళ్ళు వాడికి గుడి కట్టిస్తారు. తను మాత్రం కట్టించడు. తనైతే ఆ అద్దానికి చెవి ఆనించి వినేవాడే, పక్కన జనం లేకపోతే. నిన్నటిదాకా పగిలిన సరుకు పడేసే గది అది, ఇవాళ గోడలకి నురగ అట్టలు అంటించి, మధ్యలో ఒక బల్ల, బల్ల మీద ఒక కంప్యూటర్, కంప్యూటర్ ముందు ఆమె, చెవులకి నల్లటి డిప్పలు, నోటి ముందు పుల్లలాంటి మైకు. గొంతులు పట్టుకోవడానికి కంపెనీ పంపిన అమ్మాయి పక్కన నిలబడి ఏదో చూపిస్తోంది. ఈమె తలూపుతోంది, చెబుతోంది, మళ్ళీ తలూపుతోంది. ఒకసారి నవ్వింది కూడా. ఏం చూసి నవ్విందో. ఆ నవ్వు ఇంకా ఉందా అని అతనికి గుండెలో ఎక్కడో కలుక్కుమంది, పోయిందనుకున్న వస్తువు పక్కింటివాళ్ళ అలమరలో కనబడినట్టు.

గోడౌన్లో అందరూ గొంతు ఇవ్వాల్సిందే. సోమవారం నుంచి మిషను చెవిలో చెబుతుంది, ఫలానా పెట్టె, ఫలానా నంబరు అని, మనిషి ఆ నంబరు తిరిగి చెప్పి సరుకు తీయాలి. మనిషి గొంతు మిషనుకి ముందే అలవాటు కావాలి గనక ఇవాళ ఒక్కొక్కళ్ళనీ కూచోబెట్టి పలికిస్తున్నారు. ఆమె తర్వాత అతని వంతు. మిగతావాళ్ళు తలా కాసేపట్లో తేల్చుకుని బయటికొచ్చారు, ఈమె మాత్రం వెళ్ళి చాలాసేపయింది, టీ బండి వచ్చి వెళ్ళిపోయింది, ఆమె కోసం పక్కన పెట్టించిన కప్పులో టీ మీద మీగడ కట్టింది. పెట్టించింది తనే. ఆమె అడగలేదు, తను ఇస్తానని చెప్పలేదు, ఊరికే బెంచీ చివర పెట్టాడు, ఎవరో మర్చిపోయినట్టు. వాళ్ళ మధ్య అన్నీ అలాగే జరుగుతాయి, ఎవరో మర్చిపోయినట్టు.

అసలు ఆ గోడౌన్లో మనుషులకున్నంత తిరిగి చెప్పే రోగం ప్రపంచంలో ఎవరికీ ఉండదు. పాత స్టోర్ కీపర్ పెట్టిన రోగం అది, ఆ మహానుభావుడు పోయి ఏళ్ళయినా రోగం పోలేదు. చక్రాల నిచ్చెన మీద ఒకరు, కింద తోపుడు బండి దగ్గర ఒకరు. పైవాళ్ళు సరుకు పేరు, రంగు, నంబరు చదవాలి, కిందివాళ్ళు అదే తిరిగి చెప్పాలి, మాట తిరిగొచ్చేదాకా వస్తువు చెయ్యి దాటకూడదు. ఎప్పుడో ఎవరో పైనుంచి చెప్పకుండా వదిలిన కుక్కర్ల అట్టపెట్టె ఒకాయన భుజం విరగ్గొట్టిందట, అప్పట్నుంచి ఇదే శాసనం. ఇక చూడండి, బస్సులో కండక్టరు స్టాపు పేరు అరిస్తే వీళ్ళు తిరిగి అరుస్తారు. కూరల బండి దగ్గర ఆవిడ అరకిలో టమాటా అంటే అరకిలో టమాటా అంటారు, అంతదాకా సంచీ చాపరు. కూతురు పుట్టినప్పుడు నర్సు బయటికొచ్చి ఆడపిల్ల అంది, ఇతను ఆడపిల్ల అన్నాడు, ఆ నర్సు ఇతనికి ఇష్టం లేదేమో అనుకుని గుమ్మంలోనే నిలబెట్టి నాలుగు చివాట్లు పెట్టింది. లోపల మంచం మీదున్న ఆమె అది విని కుట్లు లాగుతున్నా ఆపుకోలేక నవ్విందట. ఆ నవ్వూ ఇదీ ఒకటేనా, అని అద్దంలోకి చూశాడు. కాదు. దీంట్లో నోటి పక్కన ఒక గీత ఉంది. అది ఎప్పుడొచ్చింది?

అతనికి ఆమె మొహం సరిగ్గా తెలియదు, అదీ విషయం. ఇంట్లో ఇద్దరూ చెరో దిక్కు చూస్తారు. పనిలో నిచ్చెన పైనుంచి కనబడేది పాపిట. పాపిట మాత్రం అతనికి అరచేతి గీతలా తెలుసు, నుదుటి దగ్గర సన్నగా మొదలై నడినెత్తికి వచ్చేసరికి కాస్త ఎడమకి ఒరుగుతుంది, ఈ మధ్య వెడల్పయింది, రెండు పక్కలా తెల్లవెంట్రుకలు దిగాయి, రంగు వేసుకున్న వారం నల్లగా ఉండి తర్వాత వేళ్ళ దగ్గర తెల్లబడుతుంది. రంగు వేసుకున్న రోజు చెప్పాలనిపించేది, బాగుందని. నిచ్చెన మీదనుంచి అరవాలి కదా, చుట్టూ జనం.

మాటలు ఎందుకు ఆగాయంటే చెప్పుకోవడానికి పెద్ద యుద్ధమేమీ లేదు. సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయినప్పుడు మేనేజరు ఈమెని దారిలో ఆపి, మీ ఆయనకి ఇద్దామనుకుంటున్నాం, కంప్యూటరు మీద చెయ్యగలడా అని అడిగాడు. ఆయన చదువు ఆరో తరగతిలోనే ఆగిపోయిందండీ అని ఈమె అంది. అంతే అంది. అబద్ధమా? కాదు. ఆరో తరగతిలో అయ్యవారు కొట్టాడని పలక అక్కడే పడేసి వచ్చినవాడు తను, అది ఊరందరికీ తెలుసు. కానీ అందరికీ తెలిసిన సంగతి పెళ్ళాం నోట రావడం వేరు. అడిగినవాడికి చెప్పకూడదా అని ఆమె, చెప్పడానికి ఇంకేమీ దొరకలేదా అని తను. ఆ కుర్చీలో ఇప్పుడు కూచున్నవాడు తనకంటే చిన్నవాడు, వాడికి నమస్కారం పెట్టేటప్పుడల్లా చేయి పైకి లేవడానికి ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ రోజు సాయంత్రం తను మాట్లాడలేదు. మర్నాడు ఆమె మాట్లాడిస్తుందని చూశాడు. ఆమె తను మాట్లాడతాడని చూసింది. ఇద్దరూ చూశారు, చూస్తూ ఉండగానే అలవాటైపోయింది, పన్ను పోయిన చోట నాలుక అలవాటు పడ్డట్టు.

కూతురున్నన్నాళ్ళు ఫరవాలేదు, ఇంట్లో తపాలా నడిచింది. మీ నాన్నని స్నానానికి లెమ్మను. అమ్మకి చెప్పు, ఇవాళ నాకు వద్దని. పిల్ల నడవాలో మధ్యలో కూచుని, మీరిద్దరూ వినేశారుగా, మళ్ళీ నేను చెప్పాలా అని విసుక్కునేది. చెప్పాలి. చెప్పకపోతే లెక్కలోకి రాదు. అది నర్సు చదువుకి హాస్టలుకి వెళ్ళిపోయాక తపాలా బంద్. ఇప్పుడు గిన్నెలు మాట్లాడతాయి. మూత గట్టిగా పెడితే అన్నం అయిందని, స్టవ్వు గింజుకుంటూ మూడుసార్లు టక్కుమంటే గ్యాసు అయిపోయిందని. ఫోనులో పిల్ల, అమ్మతో మాట్లాడుతున్నావా నాన్నా అని అడిగితే, రోజంతా మాట్లాడుతూనే ఉన్నానమ్మా అంటాడు. అది మాత్రం నిజం. అదొక్కటే నిజం.

ఎందుకంటే పొద్దున తొమ్మిదింటికి గోడౌను తలుపు తీసి, నిచ్చెన చక్రాలకి బ్రేకు వేసి, పైకెక్కి, దుప్పటి, డబుల్, గోధుమ రంగు, అనగానే కిందనుంచి ఆమె గొంతు లేస్తుంది, దుప్పటి, డబుల్, గోధుమ రంగు. రాక తప్పదు. రూలు. ఆ గొంతు కొంచెం బొంగురు, పొద్దుటిపూట ఇంకాస్త, పదకొండుకల్లా తేరుకుంటుంది. మొదట్లో కోపం మీద ముక్తసరిగా చదివేవాడు, పేరు, రంగు, నంబరు, పడేయ్. తర్వాత తర్వాత ఏమైందో, పచ్చ అని రాసి ఉంటే చిలకపచ్చ అనేవాడు. ఆమె చిలకపచ్చ అనేది. ఇంకో రోజు లేత చిలకపచ్చ. లేత చిలకపచ్చ. అట్ట మీద చిన్నక్షరాల్లో ఉన్నవన్నీ కూడబలుక్కుని చదివేవాడు, చల్లని చోట ఉంచవలెను, పిల్లలకు దూరంగా ఉంచవలెను, ఆమె నవ్వకుండా, ముఖం ఎత్తకుండా, చల్లని చోట ఉంచవలెను అని తిరిగి చెప్పేది. పక్క వరసలోవాళ్ళు, వీళ్ళ దగ్గర సరుకు దిగడానికి పురిటి నొప్పులంత సేపు పడుతుందే అని వెక్కిరించేవాళ్ళు. ఒక్కసారి మాత్రం హద్దు దాటాడు. దుప్పటి, సింగిల్, నీలం, నిన్న నువ్వు కట్టుకున్న చీరలాంటి నీలం, అన్నాడు. కిందనుంచి, దుప్పటి, సింగిల్, నీలం, అని వచ్చింది. ఆగింది. మాట పూర్తిగా తిరిగి రాలేదు గనక దుప్పటి అతని చేతిలోనే ఉండిపోయింది. కింద పాపిట కదలలేదు. బండి పిడి మీద ఆమె వేళ్ళు మాత్రం ఒకసారి విప్పుకుని మళ్ళీ ముడుచుకున్నాయి. ఎంతసేపో. ఫ్యాను హోరులో ఆమె ఇంకేదైనా అందేమో, అనలేదేమో. చివరికి తనే రూలు తప్పి దుప్పటి వదిలేశాడు.

ఆ తిరిగి చెప్పుకోవడం మీద పడ్డారు వీళ్ళు. వానాకాలంలో వచ్చారు, కొలతలవాళ్ళు, మెళ్ళో బిళ్ళలు, చేతుల్లో టేపులు. నేల మీద సుద్దతో గీతలు గీశారు, గీతల మీద రంగు పట్టీలు అంటించారు, వరస వరసకీ వెనకాలే నడుస్తూ చేతిలో గడియారం నొక్కుకున్నారు. మనుషులు ఎంత నడుస్తారు, ఎంత వంగుతారు, ఎంతసేపు ఊరికే నిలబడతారు. తర్వాత అందర్నీ కూచోబెట్టి, బిస్కెట్లు పంచి, గోడ మీద బొమ్మ వేసి చూపించారు. ఎవరి ఉద్యోగమూ పోదు అని మొదలుపెట్టారు, అలా మొదలుపెట్టారంటేనే అందరూ చేతిలో బిస్కెట్లు కింద పెట్టేశారు. ఇక సరుకు దగ్గరికి మనిషి వెళ్ళక్కర్లేదు, సరుకే మనిషి దగ్గరికి వస్తుంది. బల్లపరుపు బండ్లు, నేలకి అంటుకుని పాకేవి, బీరువాల కిందికి దూరి వాటిని వీపు మీద మోసుకొస్తాయి. చూసిన రోజే వాటికి తాబేళ్ళని పేరు పడిపోయింది. మనిషి తనకి కట్టిన కడ్డీల పంజరంలో తను నిలబడి ఉంటాడు, చెవిలో మాట వింటాడు, తీస్తాడు, పెడతాడు. నిచ్చెనలుండవు, జతలుండవు. బొమ్మలో నీలం పట్టీ, పసుపు పట్టీ, ఒక పొడుగాటి ఎర్ర పట్టీ. నీలం నడక, పసుపు పని, ఎర్రగా ఉన్నదంతా మాటలు అన్నాడు కొలతలాయన. పైవాళ్ళు చెప్పడం, కిందివాళ్ళు తిరిగి చెప్పడం, ఇదంతా వృథా అండీ, ఇది తీసేస్తే చాలు. అందరూ ఆ ఎర్ర పట్టీ కేసి చూశారు. అతనూ చూశాడు. రెండు వరసల అవతల ఆమె కూచుని ఉంది, వెనక నుంచి పాపిట కనబడదు, జడే కనబడుతుంది. ఆ గదిలో అంతమందికి అది టైము వేస్టు. అతని సంసారం మొత్తం ఆ ఎర్ర పట్టీలోనే ఉంది.

బెంచీ ఒక పక్కకి ఒరిగింది. ఫోర్క్‌లిఫ్టు తోలేవాడు వచ్చి కూచున్నాడు. బండిని ఏనుగు అంటాడు గనక వాణ్ణి అందరూ మావటి అంటారు. వాడి ఏనుగుకి ఇంకా ఏ ఢోకా లేదు, అందుకే నోరు బాగా లేస్తోంది. అద్దంలోకి చూసి, ఏంటన్నా, వదిన ఇంకా బయటికి రాలేదా, ఈ కొత్త సంబంధం బాగా కుదిరినట్టుందే అన్నాడు. ఇతను బెంచీ మీద కాస్త పక్కకి జరిగాడు. వాడు తొడ మీద చరిచి, ఉడుక్కోకు, అది నయమే కదన్నా, అడిగిన దానికి జవాబు చెబుతుంది, అన్నాడు. మీగడ కట్టిన టీ కనబడితే ఎవరిదని అడక్కుండా తాగేసి, గిన్నె కడిగినట్టు మూతి తుడుచుకుని లేచాడు. వెళ్తూ వెళ్తూ ఒక మాట పడేశాడు, గొంతు కుదరనివాళ్ళని ఊరి చివర షెడ్డుకి రాసేస్తున్నారట, ఇవాళ పొద్దున్నే ఇద్దరిని రాశారు.

ఆ షెడ్డు సంగతి అతనికి తెలుసు. తిప్పి పంపిన సరుకు వచ్చి పడే చోటు. కాంట్రాక్టువాడి కింద పని, ఎప్పుడు పొమ్మంటే అప్పుడు పోవాలి. దుమ్ము, రేకుల కప్పు, ఎండాకాలం పెనంలా ఉంటుంది. కానీ అక్కడ నిచ్చెనలున్నాయి. తాబేళ్ళని అక్కడికి తేరు, ఆ చెత్త కోసం ఎవడూ ఖర్చు పెట్టడు. జతలు జతలుగానే పని. పొద్దుట్నుంచి అతని కడుపులో మెదులుతున్న కోరిక అదే, బయటికి చెబితే ఉమ్మేస్తారు. ఆమె గొంతు మిషనుకి పట్టకూడదు. తన గొంతూ పట్టకూడదు. తనదెలాగూ పట్టదు, కావాలని నత్తి పెడతాడు, కావాలని దగ్గుతాడు, ఆరో తరగతి వాణ్ణండీ నాకేం తెలుసు అంటాడు, ఆ మాట ఒక్కసారి తనకి ఉపయోగపడితే పడనీ. ఇద్దర్నీ కలిపి షెడ్డుకి రాస్తారు. పొద్దున తొమ్మిదింటికి రేకుల కింద, చెమటలో, దుమ్ములో, దుప్పటి, డబుల్, మరక పడింది, అంటాడు తను. దుప్పటి, డబుల్, మరక పడింది, అంటుంది ఆమె. చచ్చేదాకా చాలు.

ఆమె కుర్చీలో ఒకసారి కదిలి, కుడి మోకాలు చేత్తో నొక్కుకుంది. అద్దంలోంచి ఆ నొక్కుడు అతనికి స్పష్టంగా కనబడింది, బొటనవేలు చిప్ప పక్కన పెట్టి గుండ్రంగా తిప్పడం. రాత్రుళ్ళు అవతలి మంచం మీద ఆముదం వాసన వస్తుంది. కొత్త పంజరాల్లో కాళ్ళ కింద మెత్తటి పట్టా వేశారట, వంగక్కర్లేదట, సరుకు నడుము ఎత్తుకి వస్తుందట. షెడ్డులో నేల అంతా కంకర. ఈ రెండు సంగతులూ అతనికి తెలుసు, పొద్దుట్నుంచీ తెలుసు, వాటిని ఒక మూల కూచోబెట్టి ఇంతసేపూ వాటికి వీపు తిప్పుకున్నాడు.

తలుపు తెరుచుకుంది. గొంతులమ్మాయి బయటికొచ్చింది, మొహంలో అలసట, అయినా మర్యాదగానే, మీరు ఆవిడ జతేనా అంకుల్, మీరొకసారి చెబితే వింటారేమో అంది. నంబర్లన్నీ శుభ్రంగా చెబుతున్నారట, గొంతు బాగుందట, కానీ ప్రతి నంబరు చివరా మెల్లగా ఇంకో మాట అంటున్నారట, మిషను దాన్ని నంబరుతో కలిపేసుకుని ఎర్రదీపం వేస్తోందట. వద్దని చెబితే సరేనంటున్నారట, మళ్ళీ అంటున్నారట. అంటున్నట్టు ఆవిడకే తెలియడం లేదనుకుంటా అంకుల్. ఇంకో రెండుసార్లు చూసి కుదరకపోతే నేను షెడ్డుకి రాసేయాలి.

"ఏ మాట?" అన్నాడు.

"జాగ్రత్త బావా అని. ఎదురుగా గోడ తప్ప ఎవరూ లేరు. బావ ఎవరండీ?"

అతను లేచి నిలబడ్డాడు. ఎందుకు లేచాడో తెలియదు. లంగా కట్టే వయసు నుంచి, మేనమామ ఇంట్లో అరుగు మీద కాళ్ళూపుకుంటూ కూచున్నప్పట్నుంచి, పెళ్ళయ్యాక, పిల్ల పుట్టాక, ఆ సూపర్‌వైజరు కుర్చీ ఖాళీ అయిన రోజుదాకా ఆమె అతన్ని పిలిచిన పిలుపు అది, తర్వాత మళ్ళీ చెవిన పడలేదు. పడలేదా. అన్ని పొద్దుటిపూటలు, అన్ని నిచ్చెనలు, దుప్పటి డబుల్ గోధుమ రంగు అని గట్టిగా పైకి పంపి, ఆ తర్వాత పెదవుల దగ్గరే, పైదాకా రాకుండా అనేదన్నమాట. ఫ్యానులు, చక్రాలు, పక్క వరసల అరుపులు. నీలం దుప్పటి రోజు కూడా. చేతిలో వస్తువు పెట్టుకుని మాట కోసం ఎదురుచూస్తున్న రోజు కూడా.

"నేనే," అన్నాడు.

ఆ అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తర్వాత, అయితే మీరే చెప్పండి అంకుల్, అని తలుపు పట్టుకుని నిలబడింది. చెప్పకపోతే సరి. చెప్పకుండా ఇక్కడే కూచుంటే సరి, ఇంకో రెండు ఎర్రదీపాలు, తర్వాత షెడ్డు, నిచ్చెన, రేకుల కింద రోజూ ఆ మాట, ఇక ఇప్పుడు చెవి రిక్కించి వింటాడు కదా, వంగి వింటాడు, ఫ్యాను కట్టేసి వింటాడు. ఆముదం వాసన. బొటనవేలు గుండ్రంగా. ఊరంత కోరికని కాళ్ళ కింద తొక్కుకుంటూ లోపలికి నడిచాడు.

ఆమె ఒక చెవి డిప్ప తీసి చూసింది. ఇంత దగ్గర్నుంచి, ఎదురుగా, కళ్ళలోకి. అతనికి చదవడానికి అట్టపెట్టె లేదు.

"ఆ మాట దానికి చెప్పకు," అన్నాడు.

"ఏ మాట?"

అతనే అనాల్సి వచ్చింది. తన పిలుపు తన నోటితో. అన్నాడు. ఆమె మొహం మెడ దగ్గర్నుంచి ఎర్రబడింది, మైకు పుల్లని పట్టుకుని అటూ ఇటూ తిప్పింది.

"ఇక్కడా అంటున్నానా?"

"అంటున్నావంట."

"పైకి వినబడేదా నీకు?"

"లేదు."

ఇన్నాళ్ళూ వినబడి కూడా నువ్వు పలకడం లేదని నేను, అని ఏదో అనబోయి ఆమె ఆపుకుంది, ఆ సగం మాటలో అతనికి తెలిసింది, ఆమె అనుకున్నది వినబడుతోందని. విని ఊరుకున్నాడని. ఇద్దరిలో ఎవరిది పెద్ద పిచ్చో తేల్చుకోవడానికి అది చోటు కాదు, పక్కన గొంతులమ్మాయి నిలబడి ఉంది.

"మిషను నిచ్చెన ఎక్కదులే. దానికేం కాదు. నంబరు చెప్పి ఊరుకో, నీ మోకాళ్ళకి ఆ షెడ్డు పనికిరాదు," అన్నాడు. ఏళ్ళ తర్వాత పనికి సంబంధం లేకుండా అన్న మొదటి పొడుగు మాట అది. ఆమె డిప్ప చెవికి తగిలించుకుంది.

శబ్దం చేయకపోతే ఇక్కడే ఉండొచ్చు అంకుల్ అంది గొంతులమ్మాయి. అతను నురగ అట్టల గోడకి ఆనుకుని, ఆమెకి ఎదురుగా నిలబడ్డాడు. మిషను ఆమె చెవిలో ఏదో నంబరు చెప్పింది, అతనికి వినబడలేదు, ఆమె తిరిగి చెప్పింది, బొంగురు వదిలి తేరుకున్న పదకొండు గంటల గొంతుతో. చెప్పి, ఆగి, అతని వైపు చూసింది. పెదవులు విడివడ్డాయి, కలిశాయి, మళ్ళీ విడివడ్డాయి, చప్పుడు లేదు, గాలి కూడా లేదు. పచ్చదీపం వెలిగింది. ఇంకో నంబరు. ఆమె చెప్పింది, చూసింది, పెదవులు అలాగే కదిలాయి. పచ్చదీపం.

"ఇప్పుడు బాగా చెబుతున్నారు, ఒక్క మాట కూడా ఎక్కువ రావడం లేదు," అంది ఆ అమ్మాయి కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండా. అతను అవునన్నట్టు తలూపాడు, ఆ పెదవుల మీంచి చూపు తిప్పకుండా, మిషను తర్వాతి నంబరు ఎప్పుడు చెబుతుందా అని ఎదురుచూస్తూ.